లేజర్ మిషన్ లోన్ మీద కొనాలా? కాజీపేట తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నా, మాది కాజీపేట. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 30 వేలు వస్తాయి. మా బాపు వడ్రంగి, మోకాళ్ల నొప్పులతో రెండేళ్ల నుంచి పని బంద్ పెట్టిండు. నేను ఆదివారాలు ఇంట్లో చిన్న చిన్న పీటలు, ఫోన్ స్టాండ్లు, ఫ్రేములు చేస్తుంటా. ఈ మధ్య వీడియోల్లో లేజర్ మిషన్‌తో పేర్లు, ఫొటోలు చెక్కి నెలకు 60 వేలు సంపాదిస్తున్నామని చెప్తున్నారు. 3 లక్షల లోన్ తీసుకొని 60 వాట్ల సీఓ2 మిషన్ కొందామనుకుంటున్నా. ఇంట్లో వద్దంటున్నారు. కొనాలా వద్దా, కొంటే ఏం చేసి అమ్మాలి, ధర ఎట్లా పెట్టాలి? కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు:

తమ్ముడూ, ఇప్పుడైతే లోన్ తీసుకోకు. మిషన్ చెడ్డదని కాదు, ఈ పని మీద నాకు చాలా ప్రేమ, హన్మకొండలో చిన్న షెడ్డు పెట్టుకొని ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నా. కానీ నీ ఉత్తరంలో మిషన్ గురించి ఉన్నంత కొనేవాళ్ల గురించి లేదు. ఇప్పటిదాకా నువ్వు చేసిన పీటలు, ఫ్రేములు ఎవరైనా డబ్బులిచ్చి కొన్నారా, కొంటే ఎంతకు కొన్నారు, మళ్లీ అడిగారా, ఇవేవీ రాయలేదు. నేను కూడా ఈ తప్పు చేసే మొదలుపెట్టా. ముందు మిషన్ కొన్నా, తర్వాత ఆర్డర్ల కోసం తిరిగా. మొదటి మూడు నెలలు కిస్తీ జీతంలోంచే కట్టా, ఆ టెన్షన్‌లో ఏ పని వచ్చినా ఎంత తక్కువకైనా ఒప్పుకున్నా, ఒకసారి తక్కువకు ఒప్పుకున్నాక అదే మనిషి దగ్గర ధర పెంచడం ఎంత కష్టమో నాకు తెలుసు.

లెక్క చేసి చూద్దాం. 3 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకున్నావనుకో, నెలకు 10,250 దాకా కిస్తీ పడుతుంది. ఇప్పుడు ఒక మంచి నేమ్ ప్లేట్ తీసుకుందాం, 14 అంగుళాలు, 8 అంగుళాల టేకు ముక్క. కట్టెకు 300. దాన్ని రంద పట్టి, సాండ్ పేపర్ రుద్ది సిద్ధం చేయడానికి రెండు గంటలు, డిజైన్‌కు, వాట్సాప్‌లో అటూఇటూ మాట్లాడడానికి ఒక గంట, పాలిష్‌కు రెండు రోజుల్లో కలిపి ఇంకో గంట, మొత్తం నాలుగు గంటలు. రోజుకు వెయ్యి కూలి లెక్కన గంటకు 125 వేసుకున్నా 500. లేజర్ పని నీ దగ్గర మిషన్ లేదు కాబట్టి బయట జాబ్ వర్క్‌కు ఇస్తావు, నిమిషానికి 10 రూపాయలు, 35 నిమిషాలు, అంటే 350. పాలిష్, సాండ్ పేపర్, వెనక కొక్కేలకు 150. ప్యాకింగ్, పెట్రోలు కలిపి 100. ఇదంతా 1,400. పదింటిలో ఒకటి చెడిపోతుంది, పగులో మరకో తప్పు అక్షరమో ఏదో ఒకటి జరుగుతుంది, దానికి 140 కలుపు. 1,540 అయింది. దీన్ని 2,000కు అమ్మితే నీ కూలి 500, పైన 460, మొత్తం 960 నీకు మిగులుతుంది. ఈ ధరలు ఉదాహరణకు వేసినవి, నీ దగ్గర రేట్లు వేరుగా ఉంటే అవే వేసుకో, కానీ లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు అసలు సంగతి చూడు. ఉద్యోగం అయ్యాక రోజుకు రెండు గంటలు, ఆదివారం ఎనిమిది గంటలు పెడితే వారానికి 20, నెలకు 80 గంటలు. ప్లేటుకు నాలుగు గంటలంటే నెలకు ఎక్కువలో ఎక్కువ 20 ప్లేట్లు. అన్నింటికీ ఆర్డర్లు దొరికినా 19,200. అదే మంచి మొత్తం, కాదనను, కానీ 60 వేలు కాదు. ఇక మిషన్ కొంటే నీకు మిగిలేది జాబ్ వర్క్‌కు కట్టే 350 మాత్రమే. 20 ప్లేట్ల మీద 7,000. కిస్తీ 10,250. కరెంటు, రిపేర్లు లెక్కలోకి తీసుకోకముందే నష్టం. నెలకు 30 ప్లేట్లకు సరిపడా లేజర్ పని వస్తేనే కిస్తీకి సమానం అవుతుంది. కాబట్టి గుర్తు ఇది: జాబ్ వర్క్‌కు నువ్వు కట్టే డబ్బు వరుసగా ఆరు నెలలు కిస్తీని దాటిందా, అప్పుడు మిషన్ కొను, మీ ఇంట్లోవాళ్లను నేనే ఒప్పిస్తా. అప్పటిదాకా హన్మకొండలోనో వరంగల్‌లోనో యాక్రిలిక్ అక్షరాలు, బోర్డులు కోసే షాపుకు ఫైలు, కట్టె పట్టుకుపో. వాళ్ల మిషన్ ఎట్లాగూ నడుస్తూనే ఉంటుంది. పక్కన నిలబడి స్పీడు ఎంత పెట్టారు, పవర్ ఎంత పెట్టారు చూసి నోటుబుక్కులో రాసుకో. అక్కడ నేర్చుకున్నదే రేపు నీ సొంత మిషన్ మీద పనికొస్తుంది.

మిషన్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు సగమే చెప్తారు. మనకు దొరికేవి మూడు రకాలు. డయోడ్ లేజర్ చిన్నది, టేబుల్ మీద పెట్టుకోవచ్చు, నీలం వెలుతురు వస్తుంది, కట్టె మీద పేర్లు బాగా చెక్కుతుంది, కానీ పారదర్శకంగా ఉండే యాక్రిలిక్‌ను కోయలేదు, వెలుతురు అందులోంచి దూసుకుపోతుంది. సీఓ2 లేజర్ కట్టె, ఎండీఎఫ్ (కట్టె పొట్టును జిగురుతో నొక్కి చేసిన షీటు), యాక్రిలిక్ అన్నీ కోస్తుంది, చెక్కుతుంది. ఫైబర్ లేజర్ ఇత్తడి, స్టీలు లాంటి లోహాలకు, కట్టెకు దాంతో పని లేదు. డయోడ్ కొనేటప్పుడు పెట్టె మీద 40 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటే మోసపోకు, చాలావాటిలో అది మిషన్ తీసుకునే కరెంటు, కట్టె మీద పడే కాంతి 5 వాట్లే ఉండొచ్చు. ఆప్టికల్ పవర్ ఎంత అని అడుగు. 5 వాట్లతో పేరు చక్కగా చెక్కొచ్చు, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయాలంటే మాత్రం నాలుగైదు సార్లు తిప్పాలి.

సీఓ2లో గాజు ట్యూబు ఉంటుంది, దానికి ఆయుష్షు ఉంటుంది, అయిపోయాక మార్చాల్సిందే, ఆ ఖర్చు వీడియోల్లో ఎవరూ చెప్పరు. పైగా ఆ ట్యూబు చుట్టూ నీళ్లు తిరగాలి, నీళ్లు 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. మన దగ్గర మే నెలలో బయటే 43, 44 డిగ్రీలు. మిషన్‌తో పాటు చవకగా ఇచ్చే సీడబ్ల్యూ-3000 అనే డబ్బా నిజానికి నీళ్లను చల్లబరిచే చిల్లర్ కాదు, రేడియేటరు, ఫ్యాను, అంతే. గది ఎంత వేడిగా ఉంటే నీళ్లు కనీసం అంత వేడిగానే ఉంటాయి. నా మొదటి ట్యూబు అట్లానే పోయింది, అమ్మిన మనిషికి ఫోన్ చేస్తే సర్వీసుకు వస్తా వస్తా అని వారాలు గడిపిండు, చేతిలో పెళ్లి ఆర్డరు పెట్టుకొని నేను ఎంత తిరిగానో నాకే తెలుసు. కంప్రెసర్ ఉన్న చిల్లర్ కావాలి, దాని ధర కూడా కలిపి లెక్క వేసుకో. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, ఆ ట్యూబుకు వేల వోల్టుల కరెంటు వెళ్తుంది. ఇవన్నీ మీ ఇంట్లో సాధ్యమా అన్నది ఒకసారి ఆలోచించు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. పీవీసీ షీటు, రెగ్జిన్ ఎప్పుడూ లేజర్ కింద పెట్టొద్దు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులను తినేస్తుంది, మిషన్ లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కస్టమర్ రెగ్జిన్ పర్సు తెచ్చి దీని మీద పేరు వేయమంటే వద్దని చెప్పు. ఎండీఎఫ్ పొగ కూడా మంచిది కాదు, అందులో జిగురు ఉంటుంది, పొగను పైపుతో బయటికి పంపాలి, అది పక్కింటి కిటికీ వైపు పోకూడదు. డయోడ్ దగ్గర పిల్లలు రాకూడదు, ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు లేకుండా నువ్వూ చూడకూడదు. మిషన్ నడుస్తుంటే వదిలి పోవద్దు. రెండు నిమిషాలు ఫోన్ మాట్లాడడానికి బయటికి వచ్చా ఒకసారి, గాలి కొట్టే పంపు ఆగిపోయింది, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంటుకుంది, లోపలికి వెళ్లేసరికి మంట మూత దాకా లేచింది. లెన్సు పగిలింది, కింది జాలీ కాలింది, షెడ్డు కాలకపోవడం నా అదృష్టం. మంటలార్పే సిలిండర్ మిషన్ కంటే ముందు కొను.

సరే, ఏం చేసి అమ్మాలి అన్నావు కదా. నీకు ఉన్న బలం ఏందో నువ్వే ఉత్తరంలో రాసి, దాని మీద ఒక్క మాట కూడా ఆలోచించలేదు. మీ బాపు వడ్రంగి. లేజర్‌తో ఎండీఎఫ్ మీద పేరు చెక్కేవాళ్లు ఊరికి పది మంది ఉన్నారు, ఆన్‌లైన్‌లో అయితే లెక్కే లేదు, వాళ్లతో ధర దగ్గర పోటీ పడితే నువ్వు నిలబడవు. కానీ కట్టె రేఖ చూసి ఏ వైపు వంగుతుందో చెప్పగలిగే మనిషి, మేకు లేకుండా రెండు ముక్కలు కూర్చగలిగే మనిషి నీ ఇంట్లో కూర్చొని ఉన్నాడు. నిలబడి పని చేయలేకపోవచ్చు, కుర్చీలో కూర్చొని అంచు గీయొచ్చు, ఉలితో నాలుగు పువ్వులు చెక్కొచ్చు, నీకు తప్పొప్పులు చెప్పొచ్చు.

నా దగ్గర అన్నిటికంటే బాగా నడిచే పని చెప్తా. మన దగ్గర పాత ఇండ్లు కూలగొట్టి కొత్తవి కడుతున్నారు, వరంగల్‌లోనూ, చుట్టుపక్కల ఊర్లలోనూ. ఆ ఇండ్ల దర్వాజలు, దూలాలు పాత టేకు. యాభై, అరవై ఏళ్లు ఎండిన కట్టె, ఇక వంగడం, పగలడం చాలా తక్కువ. చాలామంది దాన్ని అడ్డికి పావుశేరు అమ్మేస్తారు. ఒక పెద్దమనిషి తమ పాత ఇంటి దర్వాజ కట్టె తెచ్చి, మా అమ్మ ఈ దర్వాజలోంచే కోడలిగా లోపలికి వచ్చింది, దీంతో కొత్తింటికి పేరు బోర్డు చేసివ్వు అన్నాడు. చేసిచ్చా. పైన వాళ్ల అమ్మ పేరు, కింద పాత ఇల్లు కట్టిన సంవత్సరం. గృహప్రవేశం నాడు అది చూసినవాళ్లలో ముగ్గురు నాకు ఫోన్ చేశారు. ఆ పనిలో ఎవరూ ధర తగ్గించమని అడగలేదు, ఎందుకంటే ఆ కట్టె ఇంకో షాపులో దొరకదు. గృహప్రవేశానికి ముందు ఇల్లు కూలగొట్టే రోజు ఉంటుంది కదా, నువ్వు ఆ రోజు దగ్గరికి పోవాలి. మేస్త్రీలు, ఇంటి ప్లాన్లు గీసే ఇంజనీర్లు, మీ బాపుతో పని చేసిన పాత వడ్రంగులు, వీళ్లకు చెప్పి పెట్టు.

ఈ పనిలో జాగ్రత్తలు ఉన్నాయి. రంద పెట్టే ముందు అయస్కాంతం తిప్పి చూడు, లోపల విరిగిన మేకులు ఉంటాయి, రంద బ్లేడు పోతుంది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు మాస్కు పెట్టుకో, దుమ్ము ఇంట్లో ఎగరనీయకు, రంగు పూర్తిగా పోకుండా లేజర్ పెట్టకు. గడప కట్టె తెస్తే ఇంటి పెద్దవాళ్లను అడిగాకే కోయి, దానికి పసుపు రాసి మొక్కినవాళ్లు వాళ్లు. కొత్త టేకు కొంటే టింబర్ డిపోలో బిల్లు తీసుకో. బిల్లు లేని టేకు ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకు, అడవి శాఖ కేసు పడితే కట్టె, బండి రెండూ పోతాయి.

కట్టె ఎంపికలో ఒక్క మాట. టేకులో గట్టి గీత, మెత్తటి గీత పక్కపక్కన ఉంటాయి, మెత్తటిది లోతుగా కాలుతుంది, గట్టిది పైకి లేచి ఉంటుంది. పేరుకు, ముగ్గుకు అది అందం. మనిషి ముఖం ఫొటోకు మాత్రం పనికిరాదు, చెంప మీద చారలు వస్తాయి. ఫొటోలకు రబ్బర్ వుడ్ లాంటి తెల్లగా, సమంగా ఉండేది తీసుకో. ఎండీఎఫ్ బయట గోడకు పెట్టే బోర్డుకు వాడొద్దు, ఒక్క వానకాలానికి ఉబ్బుతుంది.

తెలుగు అక్షరాల దగ్గర చాలామంది దెబ్బ తింటారు. డీటీపీ వాళ్లు ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో ఇచ్చిన ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి అవుతుంది. ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో యూనికోడ్‌లో (ఫోన్లలో మామూలుగా వాడే తెలుగు) టైపు చేసి అక్షరాలను ‘పాత్’గా, అంటే గీతల బొమ్మగా మార్చి పంపు, అప్పుడు వత్తులు ఎక్కడికీ కదలవు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, సురవరం లాంటివి ఉచితంగా ఉన్నాయి, రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి బోర్డులకు బాగుంటుంది. చిన్న సైజులో వత్తులు ఒకదానికొకటి అంటుకొని కాలిపోతాయి, ముందు తునక మీద కాల్చి చూడు. అక్షరాన్ని ఆరపార కోస్తే సున్న, ర, ఠ లోపలి ముక్క రాలి పడుతుంది, సన్నటి వంతెన వదలాలి. ఇంకా ముఖ్యమైంది, అక్షరదోషం. ఒక టీచరు గారి రిటైర్‌మెంట్ ఫంక్షన్‌కు 40 మెమెంటోలు చేశా, పదవీ విరమణ అని ఉండాల్సిన చోట పదవి విరమణ అని పడింది. అక్కడికి వచ్చింది అంతా ఉపాధ్యాయులే. ఆయన ఏమీ అనలేదు, నేను మాత్రం డబ్బు తీసుకోలేకపోయా. అప్పటినుంచి డిజైన్ ఫొటో పంపి, పేరు, తేదీ చూసి సరే అని మెసేజ్ పెట్టాకే మిషన్ ఆన్ చేస్తా. సగం అడ్వాన్సు కూడా అప్పుడే తీసుకుంటా. చుట్టమైనా సరే, తీసుకో.

రామప్ప బొమ్మలు, కాకతీయ తోరణం కీ చైన్లు, మేడారం జాతరకు ఏమైనా చేద్దామని నీకు తప్పకుండా ఆలోచన వస్తుంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక నాకూ వచ్చింది. మొదటి ఏడాది వాటి జోలికి పోకు. ముందే సరుకు చేసి పెట్టుకోవాలి, అమ్ముడుపోకపోతే డబ్బంతా అందులోనే ఇరుక్కుంటుంది, మేడారం అయితే రెండేళ్లకోసారి. ఆర్డరు వచ్చాక చేసే పని మీదే ఉండు. స్కూళ్ల వార్షికోత్సవాలు, రిటైర్‌మెంట్లు, గృహప్రవేశాలు, శ్రావణంలో పెళ్లిళ్లు. ఆషాఢంలో, మూఢంలో పని తగ్గుతుంది, ఆ రోజుల్లో కట్టె కోసి, రంద పట్టి ఎండబెట్టుకో.

పిల్లల బొమ్మలు కూడా ఇప్పుడే వద్దు. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మార్కు తప్పనిసరి, కేంద్ర హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది, ఆ నమోదు లేకుండా మొదలుపెట్టకు. నిర్మల్ బొమ్మలకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది, అవి పొనికి కట్టెతో చేసేవి, నువ్వు ఎండీఎఫ్ కోసి నిర్మల్ అని పేరు పెట్టడం ఆ కళాకారుల నోటికాడి ముద్ద తీసినట్టే. కాలేజీ లోగోలు, సినిమా హీరోల ఫొటోలు, కార్టూన్ బొమ్మలు అనుమతి లేకుండా వేసి అమ్మకు.

పన్ను సంగతి తొందరగా చెప్తా. మన తెలంగాణలో వస్తువులు అమ్మేవాళ్లకు జీఎస్‌టీ పరిమితి ఏడాదికి 20 లక్షల అమ్మకాలు, చాలా రాష్ట్రాల్లో ఉన్న 40 లక్షలు ఇక్కడ వర్తించవు. నువ్వు దాని దగ్గరికి ఇప్పుడే రావు. కానీ అమెజాన్ లాంటి వాటిలో వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే మొదటి రూపాయి నుంచే జీఎస్‌టీ నంబరు కావాలి, రాష్ట్రం లోపలే అమ్మితే చిన్నవాళ్లకు ఎన్‌రోల్‌మెంట్ నంబరు సరిపోతుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగేవాళ్లకు ఇవ్వకు. కంపెనీలో నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, పక్క పని చేయకూడదని ఏమైనా ఉందా చదువు. మీ బాపు మళ్లీ పనిలో కూర్చుంటే ఆయన పేరు మీద పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకానికి దరఖాస్తు పెట్టొచ్చు, అది వర్తించే 18 వృత్తుల్లో వడ్రంగులు ఉన్నారు. పనిముట్లకు 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా లోన్. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. నువ్వనుకున్న 3 లక్షల లోన్ కంటే ఇది ఎంత నయమో చూడు.

ఆరు నెలల దాకా నీ పెట్టుబడి 15 వేలు దాటనీయకు. మంచి సాండర్ ఒకటి, బిగించే క్లాంపులు నాలుగు, పాలిష్, రెండు మూడు నమూనాలు. మొదటి నమూనా మీ ఇంటికే చేయి, మీ బాపు పేరు మీద, అంచు ఆయనతోనే చెక్కించు, గేటు పక్కన పెట్టు. వీధిలో పోయేవాళ్లు ఆగి అడిగితే ధర చెప్పడం ప్రాక్టీసు అవుతుంది, అడిగినవాళ్లకు 2,000 అని చెప్పి ఊరుకో, తగ్గిస్తానని నువ్వే ముందు అనకు. మళ్లీ రాసేటప్పుడు రెండు విషయాలు రాయి. నెలలో ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, జాబ్ వర్క్‌కు ఎంత కట్టావు. ఆ రెండు అంకెలు ఉంటే ఏ మిషన్ కొనాలో అప్పుడు కూర్చొని చూద్దాం. ఈ ఆదివారం మాత్రం అటక మీద ఉన్న మీ బాపు ఉలుల పెట్టె దించి, తుప్పు రుద్ది, నూనె రాసి ఆయన ముందు పెట్టు.